పాకాల నుంచి రోజూ తిరుపతికి: బి.ఫార్మసీ పాపకి బస్సా, హాస్టలా?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. నాలుగెకరాల మామిడి తోట, రెండు జెర్సీ ఆవులు ఉన్నాయి. మేము బీసీలం. మా పాప ఇంటర్ బైపీసీ పాసయింది. ఈఏపీసెట్ మొదటి విడత కౌన్సెలింగ్‌లో తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు ఒక ప్రైవేట్ కాలేజీలో బి.ఫార్మసీ సీటు వచ్చింది. కన్వీనర్ కోటానే. ఆడపిల్లలకి బస్సు ఫ్రీ కదా, రోజూ పోయి వస్తుందిలే, హాస్టల్ ఖర్చు ఎందుకని నేనంటాను. వాళ్లమ్మ హాస్టల్లో వేద్దామంటుంది. కాలేజీ వాళ్లు మా బస్సే ఎక్కాలంటున్నారు. ఫీజు కాకుండా ఇంకా ఎంతవుతుందో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. కాలేజీలో వసతులు బాగున్నాయో లేదో మాలాంటివాళ్లం ఎలా తెలుసుకోవాలి? ఫార్మసీలో లెక్కలు కూడా ఉంటాయని ఎవరో చెప్పారట, పాప దానికి ఒకటే టెన్షన్ పడుతోంది. ఏం చేయమంటారో చెప్పండి.

జవాబు: అన్నా, నమస్కారం. బస్సా, హాస్టలా అనే మాట కాసేపు పక్కన పెట్టండి. మీకు సీటు వచ్చింది మొదటి విడతలో. రెండో విడత ఇంకా ఉంది. అందులో వెబ్ ఆప్షన్లు మళ్లీ పెట్టుకోవచ్చు. మీ సమస్యలో సగం అక్కడే తీరిపోయే అవకాశం ఉంది కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

పాకాల నుంచి బస్సు నేండ్రగుంట, చంద్రగిరి మీదుగా పడమటి వైపు నుంచి తిరుపతిలోకి వస్తుంది. రేణిగుంట రోడ్డు ఊరికి తూర్పున ఉంది. అంటే పాప రోజూ తిరుపతి ఊరంతా దాటి అవతలికి పోవాలి, సాయంత్రం మళ్లీ ఊరంతా దాటి ఇవతలికి రావాలి. అదే కాలేజీ చంద్రగిరి వైపు ఉంటే ఊళ్లోకి పోయే పనే లేదు. మధ్యలో దిగిపోవచ్చు, లేదంటే చంద్రగిరిలో ఇంకో బస్సు మారితే సరిపోతుంది. శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ, శ్రీ పద్మావతి మహిళా యూనివర్సిటీ కూడా పడమటి వైపే ఉన్నాయి. రెండింట్లోనూ ఫార్మసీ ఉంది. మహిళా యూనివర్సిటీ 1983లో ఆడపిల్లల కోసమే పెట్టింది. హాస్టల్, లైబ్రరీ, క్లాసులు అన్నీ ఒకే ప్రాంగణంలో ఉంటాయి. పాప ర్యాంకుకి అక్కడ సీటు వస్తుందో రాదో నేను చెప్పలేను కానీ, ఆప్షన్ పెట్టడానికి భయపడాల్సిన పని లేదు. మహిళా యూనివర్సిటీ మొదట, తర్వాత ఎస్వీ యూనివర్సిటీ, ఆ తర్వాత చంద్రగిరి వైపు కాలేజీలు పెట్టండి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. రెండో విడతలో కొత్త సీటు వస్తే పాతది దానంతట అదే రద్దవుతుంది. మళ్లీ పాతదే కావాలంటే ఇవ్వరు. కాబట్టి ఇప్పుడున్న సీటు కన్నా నిజంగా మేలు అనుకున్నవే పెట్టాలి. లిస్టు నిండుగా కనపడాలని ముక్కూ మొహం తెలియని కాలేజీలన్నీ పెట్టొద్దు. నెట్ సెంటర్‌లో కుర్రాడి చేతికి పాస్‌వర్డ్ ఇచ్చి వచ్చేయకండి. పాప పక్కన కూర్చుని, ఒక్కొక్క కాలేజీ కోడ్ చూసుకుని, తనే సబ్మిట్ నొక్కాలి.

ఇంక మార్పు ఏమీ రాలేదు, రేణిగుంట రోడ్డు కాలేజీయే ఖాయమైంది అనుకుందాం. అప్పుడు నా మాట వాళ్లమ్మ వైపే. కనీసం మొదటి సంవత్సరం హాస్టల్లో ఉంచండి.

ఎందుకో చెబుతాను. ఫార్మసీ అంటే పొద్దున నాలుగు క్లాసులు విని మధ్యాహ్నం ఇంటికొచ్చే చదువు కాదు. ఫార్మసీ చదువులకి నిబంధనలు పెట్టే ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిలబస్ ప్రకారం మొదటి సెమిస్టర్‌లో బైపీసీ పిల్లలకి వారానికి 34 గంటలు ఉంటాయి. అందులో అనాటమీ, అనాలిసిస్, ఫార్మాస్యూటిక్స్, ఇనార్గానిక్ కెమిస్ట్రీ నాలుగింటికీ ప్రాక్టికల్స్ ఉన్నాయి. ఒక్కోటి ఏకబిగిన నాలుగు గంటలు. చాలా కాలేజీల్లో ఇవి మధ్యాహ్నం పెడతారు. అంటే వారంలో నాలుగు రోజులు సాయంత్రం నాలుగున్నర, ఐదు దాకా పాప ల్యాబ్‌లో నిలబడే ఉంటుంది. ల్యాబ్‌లో కూర్చోవడానికి స్టూలు కూడా అన్నిచోట్లా ఉండదు. ఆ తర్వాత రేణిగుంట రోడ్డు నుంచి బస్టాండుకి, బస్టాండు నుంచి పాకాలకి, పాకాల నుంచి మీ పల్లెకి. మీరే ఒకసారి సాయంత్రం ఐదింటికి ఆ దారిలో వచ్చి చూడండి. ఇంటికి చేరేసరికి ఏడు దాటుతుంది. అన్నం తిని రికార్డు ముందు కూర్చునేసరికి ఎనిమిదిన్నర. మళ్లీ తెల్లవారి ఆరింటికల్లా రోడ్డు మీద ఉండాలి.

రికార్డు అన్నది ఎంత పనో బయటివాళ్లకి తెలియదు. ప్రతి ప్రాక్టికల్‌కీ ముందు అబ్జర్వేషన్ పుస్తకంలో రాయాలి, మేడంతో సంతకం పెట్టించుకోవాలి, తర్వాత అదంతా రికార్డులో శుభ్రంగా ఎక్కించాలి. నాలుగు సబ్జెక్టులకి నాలుగు రికార్డులు. అనాటమీలో బొమ్మలు వేయాలి, భాగాల పేర్లు గుర్తించాలి. నేను మొదటి సంవత్సరం పిల్లలకి పాఠాలు చెప్పేటప్పుడు, దూరం నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి రికార్డు చూడగానే తెలిసిపోయేది. గీతలు ఒకచోట నున్నగా, ఇంకోచోట వంకర. అడిగితే, సగం ఇంట్లో వేశాను, సగం బస్సులో ఒళ్లో పెట్టుకుని వేశాను మేడం అని చెప్పింది. తెలివైన పిల్ల. ల్యాబ్‌లో చెయ్యి చాలా నిదానంగా, చక్కగా ఆడేది. ఇంటర్నల్ మార్కులు మాత్రం తెలివికి తగినట్టు రాలేదు. రెండో సంవత్సరం కాలేజీ దగ్గరే గది తీసుకుని ఇంకో ఇద్దరితో కలిసి ఉంది. అప్పటి నుంచి ఆ పిల్ల మార్కులే వేరు.

హాజరు సంగతి ఇంకా ముఖ్యం. ఫార్మసీ కౌన్సిల్ నిబంధన 80 శాతం. అది కూడా ప్రతి సబ్జెక్టుకి విడిగా, థియరీకి వేరు, ప్రాక్టికల్‌కి వేరు. అన్నీ కలిపి చూసుకుంటే సరిపోతుందిలే అనుకోవడానికి లేదు. సెమిస్టర్‌కి కనీసం 100 పని దినాలు అనుకుంటే 20 రోజులు పోతే గీత మీద ఉన్నట్టే. హాజరుకి మార్కులు కూడా ఉన్నాయి. థియరీ ఇంటర్నల్స్‌లో హాజరు 95 శాతం పైన ఉంటే 4 మార్కులు, 90 పైన 3, 85 పైన 2, 80 పైన 1. ఫస్ట్ అవర్ తొమ్మిదిన్నరకి మొదలైతే, పాకాల బస్సు అరగంట లేటయిన ప్రతిరోజూ అదే సబ్జెక్టు హాజరు తగ్గుతుంది. టైమ్ టేబుల్‌లో ఫస్ట్ అవర్ ఏ సబ్జెక్టుకి ఎక్కువగా పడితే ఆ సబ్జెక్టు దెబ్బతింటుంది. పిల్ల తప్పేమీ ఉండదు, బస్సు తప్పే.

తిరుపతి బస్సులకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది, మీకు తెలియందేమీ కాదు. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి, వరుస సెలవులకి ఊరు నిండిపోతుంది. తిరుచానూరులో పంచమి తీర్థం రోజున ఆ చుట్టుపక్కల రోడ్లలో మనిషి నడవడమే కష్టం. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ వచ్చాక ఊళ్లో ట్రాఫిక్ కొంత తేలికయింది, అది నిజమే. అయినా ఆ రోజుల్లో బస్టాండులో దిగిన పిల్లకి కాలేజీ దాకా పోవడం పెద్ద పనే. అవన్నీ కాలేజీకి సెలవు రోజులేమీ కావు.

ఫ్రీ బస్సు గురించి మీరన్నది సరైనదే. స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15 నుంచి నడుస్తోంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ డబ్బు లేదు. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులు, తిరుమల కొండకి పోయే సప్తగిరి బస్సులకి ఇది వర్తించదు. పాప దగ్గర ఒరిజినల్ ఆధార్ కార్డు ఎప్పుడూ ఉండాలి. కండక్టర్‌కి చూపించి సున్నా టికెట్ తీసుకోవాలి, టికెట్ లేకుండా కూర్చోకూడదు. శ్రీకాళహస్తి వైపు పోయే పల్లెవెలుగులు రేణిగుంట రోడ్డు మీదుగానే పోతాయి కాబట్టి బస్టాండు నుంచి కాలేజీకి కూడా ఆటో ఖర్చు లేకుండా పోవచ్చు. ఈ పథకం మీకు బాగా ఉపయోగపడేది శనివారం సాయంత్రం ఇంటికి రావడానికి, సోమవారం పొద్దున తిరిగి పోవడానికి. హాస్టల్లో ఉన్నా వారం వారం పాప ఇంటికి వస్తుంది, మీకు రూపాయి ఖర్చు లేదు. నేను మొదటి సంవత్సరం హాస్టల్ అని ధైర్యంగా చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

రైలు కూడా ఒకసారి చూసుకోండి. పాకాల జంక్షన్ మీకు దగ్గరే. తిరుపతి వెస్ట్ స్టేషన్లో దిగితే యూనివర్సిటీల వైపు పోవడం సులభం. అక్కడ సీటు వస్తే, రైలు టైము కాలేజీ టైముకి కుదిరితే, విద్యార్థుల సీజన్ టికెట్ చాలా చవక. రేణిగుంట రోడ్డు కాలేజీకి మాత్రం రైలును నమ్ముకోవద్దు.

కాలేజీ బస్సు మాట. మీ పల్లె దాకా వస్తే మంచిదే, ఒక్క బస్సులో ఎక్కి దిగుతుంది. కానీ చాలా కాలేజీ బస్సులు రూటు పేరు పాకాల అని చెప్పి మెయిన్ రోడ్డు మీదే ఆపుతాయి. ఏ స్టాపులో, ఎన్నింటికి ఆగుతుందో కాగితం మీద అడగండి. ఏడాది డబ్బు ఒకేసారి కట్టమంటారు, మధ్యలో హాస్టల్‌కి మారితే తిరిగి ఇవ్వరు. సాయంత్రం ల్యాబ్ లేటయితే బస్సు ఆగుతుందా, పిల్లని వదిలేసి పోతుందా అన్నది సీనియర్లనే అడగాలి. బస్సు డబ్బు కట్టకపోతే సీటు ఇవ్వం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మీ సీటు కౌన్సెలింగ్‌లో వచ్చింది. దానికీ బస్సుకీ సంబంధం లేదు.

హాస్టల్ దగ్గరికి వద్దాం. మూడు దారులున్నాయి. మొదటిది ప్రభుత్వ బీసీ కాలేజీ హాస్టల్. తిరుపతిలో ఉన్నాయి, ముందుగా అక్కడ అడగండి. సీట్లు తక్కువ, అడ్మిషన్ కాగితం చేతికి రాగానే దరఖాస్తు పెట్టాలి. ఫార్మసీ కౌన్సెలింగ్, అందులోనూ బైపీసీ వాళ్లది, మిగతా కోర్సుల కన్నా ఆలస్యంగా జరగడం మామూలే. అప్పటికే డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలతో హాస్టళ్లు నిండుతూ ఉంటాయి. సీటు ఖాయం కాకముందే పోయి వార్డెన్‌ని కలిసి పరిస్థితి చెప్పి ఉంచడం మేలు. రెండోది కాలేజీ హాస్టల్. మూడోది బయట ప్రైవేట్ లేడీస్ హాస్టల్.

మీ రాబడి సంగతి ఆలోచించే చెబుతున్నాను. మామిడి డబ్బు మీకు జూన్, జులైల్లో ఒక్కసారి వస్తుంది. అది కూడా తోతాపురి ధర ఎలా ఉంటే అలా. పాల బిల్లు మాత్రం ఏడాది పొడుగునా వస్తుంది. కాలేజీ హాస్టల్ అంటే ఏడాదికో, సెమిస్టర్‌కో ముందే కట్టమంటారు. ప్రైవేట్ హాస్టల్‌కి నెల నెలా కట్టుకోవచ్చు, పాల బిల్లుతో అది సర్దుబాటవుతుంది. ఉదాహరణకి నెలకి 6 వేలు చెప్పారనుకోండి. ఏడాదికి 72 వేలు అని గుండె గుభేలుమంటుంది. కానీ సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు పోను పిల్ల అక్కడ ఉండేది పది నెలలే. సెలవు నెలలకి మొత్తం తీసుకుంటారా, సగమా, అసలు తీసుకోరా అని చేరకముందే అడిగితే పన్నెండు వేలు మిగలొచ్చు. అడ్వాన్సులో మెయింటెనెన్స్ కింద ఎంత పట్టుకుంటారు, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, కరెంటు బిల్లు వేరేనా అన్నవి కూడా ఆ రోజే తేల్చుకోండి.

హాస్టల్ చూడ్డానికి వాళ్లమ్మని పంపండి, మీరు బయట నిలబడండి. లోపల ఆడవాళ్లు చూసేవి మీకు కనపడవు. గదిలో ఎంతమంది, బాత్రూముకి ఎంతమంది, తలుపు గడియ సరిగ్గా పడుతుందా, మే నెలలో నీళ్లు ఎలా వస్తాయి, ట్యాంకరా, బోరా. తిరుపతి ఎండలు మీకు తెలుసు, నీళ్లు లేని హాస్టల్లో పిల్ల పరీక్షలు రాయలేదు. ఉన్న పిల్లల్ని ఇద్దరిని పక్కకి పిలిచి, రాత్రి మెస్‌లో ఏం పెట్టారమ్మా అని అడిగితే నిజం బయటికొస్తుంది. కాలేజీ నుంచి హాస్టల్ దాకా సాయంత్రం ఆరున్నరకి నడిచి చూడండి. వీధి లైట్లు వెలుగుతున్నాయా, దుకాణాలు తెరిచి ఉన్నాయా అన్నది పగలు తెలియదు. రికార్డు రాసుకోవడానికి బల్ల ఉందా అన్నది కూడా చూడాలి. మంచం మీద కూర్చుని నాలుగేళ్లు రాస్తే నడుము పోతుంది.

ఇప్పుడు మీరు అడిగిన మిగతా ఖర్చు. ట్యూషన్ ఫీజుకి రీయింబర్స్‌మెంట్ వస్తుంది. కన్వీనర్ కోటా కాబట్టి, కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉంటే మీకు అర్హత ఉన్నట్టే. ఆదాయం, కులం సర్టిఫికెట్లు సచివాలయంలో ఇప్పుడే తీసి పెట్టుకోండి. కాలేజీ ద్వారా ప్రభుత్వ జ్ఞానభూమి పోర్టల్‌లో నమోదవ్వాలి. పాప ఆధార్‌లో, పదో తరగతి మార్కుల లిస్టులో పేరు ఒకేలా ఉందా చూడండి. ఒక్క అక్షరం తేడాతో ఆగిపోయిన దరఖాస్తులు చాలా చూశాను. మేనేజ్‌మెంట్ కోటాకి ఇది రాదు. కాబట్టి ఎవరైనా వచ్చి, మంచి కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తాం, రీయింబర్స్‌మెంట్ కూడా మేమే చూసుకుంటాం అంటే నమ్మొద్దు.

ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే కాలేజీలు తల్లిదండ్రుల్ని ముందు కట్టమనడం జరుగుతుంటుంది. పరీక్షల ముందు హాల్ టికెట్ అడ్డం పెట్టి అడుగుతారు. కట్టాల్సి వస్తే కొంత కట్టి, ప్రభుత్వం సొమ్ము రాగానే తిరిగి ఇస్తామని రసీదు మీద రాయించుకోండి. తెల్ల కాగితం మీద రాసిచ్చిన నంబరు రసీదు కాదు. కాలేజీ ముద్ర, తేదీ, దేనికోసం కట్టారన్న మాట ఉండాలి.

ట్యూషన్ ఫీజు కాకుండా అడిగేవి చాలా పేర్లతో వస్తాయి: అడ్మిషన్ ఫీజు, యూనివర్సిటీ ఫీజు, స్పెషల్ ఫీజు, ల్యాబ్ ఫీజు, కాషన్ డిపాజిట్, యూనిఫాం, ఐడీ కార్డు. వీటిలో ఏది ఒక్కసారే, ఏది ప్రతి సంవత్సరం, ఏది చివర్లో తిరిగి వస్తుంది అన్న మూడు వరసలు గీసి ఆఫీసులో నింపించుకోండి. నాలుగేళ్ల లెక్క అప్పుడే తేలుతుంది. ప్రతి సెమిస్టర్‌కి పరీక్ష ఫీజు వేరు. సబ్జెక్టు పోతే సప్లీకి మళ్లీ కట్టాలి. ఇవి కాక పాప చేతికి కావాల్సినవి ఉన్నాయి. తెల్ల ఏప్రాన్లు రెండు, ఒకటి ఉతికితే ఒకటి. కాటన్‌వి, పొడుగు చేతులవి తీసుకోండి. పలచటి టెర్లిన్‌వి చవక కానీ బర్నర్ దగ్గర పనికిరావు. రికార్డులు, అబ్జర్వేషన్ పుస్తకాలు, చిన్న తూనిక రాళ్ల పెట్టె, స్పాచులా, బటర్ పేపర్, గ్లవ్స్, మాస్కులు. అనాటమీ ల్యాబ్‌లో రక్తం గ్రూపు, హీమోగ్లోబిన్ చూసే రోజుల్లో ల్యాన్సెట్లు, దూది, స్పిరిట్. కొన్ని కాలేజీలు ఇవన్నీ కిట్టు చేసి అమ్ముతాయి. బయట సర్జికల్ షాపులో ధర అడిగి పోల్చి చూసుకుని తీసుకోండి. మొదటివారంలోనే పుస్తకాలన్నీ కొనేయొద్దు. లైబ్రరీలో దొరుకుతాయి, సీనియర్ల దగ్గర సగం ధరకి వస్తాయి. సిలబస్ కూడా దేశమంతా ఫార్మసీ కౌన్సిల్‌దే కాబట్టి పాత పుస్తకాలు చక్కగా పనికొస్తాయి. ల్యాప్‌టాప్ మొదటి ఏడాది అక్కర్లేదు. ఎవరేమన్నా ఆగండి.

మూడో సంవత్సరం అయ్యాక, ఏడో సెమిస్టర్‌కి ముందు నాలుగు వారాల్లో 150 గంటలు ఏదైనా మందుల ఫ్యాక్టరీలోనో ఆస్పత్రిలోనో శిక్షణ తీసుకోవాలి. హైదరాబాద్ పంపితే అప్పటి ఖర్చు వేరే ఉంటుంది, గుర్తుపెట్టుకోండి.

కాలేజీ వసతుల గురించి మీరు అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. చాలామంది తల్లిదండ్రులు గేటు, పచ్చిక, ఏసీ సెమినార్ హాలు చూసి వచ్చేస్తారు. వాటితో పిల్లకి చదువు రాదు. ముందు ఇంట్లో కూర్చునే చేయాల్సిన పని ఒకటి ఉంది. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో ఆమోదం ఉన్న కాలేజీల జాబితా ఉంటుంది. ఈ విద్యా సంవత్సరానికి, బి.ఫార్మసీకి, ఎన్ని సీట్లకి ఆమోదం ఉందో పాపని చూడమనండి. 1948 ఫార్మసీ చట్టంలో 12వ సెక్షన్ కింద ఆమోదం లేని చదువుతో ఫార్మసిస్టుగా రిజిస్టర్ చేసుకోవడం కుదరదు. రిజిస్ట్రేషన్ లేకపోతే రేపు మెడికల్ షాపు లైసెన్సుకీ, ఆస్పత్రి ఉద్యోగానికీ ఆ డిగ్రీ అక్కరకి రాదు. తర్వాత ఏ యూనివర్సిటీ కింద ఉందో చూడండి. మన దగ్గర ప్రైవేట్ ఫార్మసీ కాలేజీలు ఎక్కువగా అనంతపురం జేఎన్టీయూ కింద ఉంటాయి.

ఆ తర్వాత కాలేజీకి పోండి, ఆదివారం కాదు, మామూలు పని రోజు మధ్యాహ్నం రెండు గంటలకి. ప్రాక్టికల్స్ నడుస్తుండాలి. ల్యాబులు నిశ్శబ్దంగా, తాళాలు వేసి ఉంటే కారణం అడగండి. లోపలికి పోతే వాసన రావాలి. నడిచే కెమిస్ట్రీ ల్యాబ్‌కి ఒక వాసన ఉంటుంది, బల్లల మీద మరకలు ఉంటాయి. అద్దంలా మెరిసే బల్లలు, సీలు తీయని సీసాలు కనపడితే నేను అనుమానిస్తాను. పాపని రెండు మూడు రీఏజెంట్ (ప్రయోగాలకి వాడే రసాయనాల) సీసాల మీద లేబుల్ చదవమనండి. తయారు చేసిన తేదీ ఈ సెమిస్టర్‌దేనా? త్రాసు దగ్గర నిలబడి సున్నా మీద ఆగుతుందా చూడమనండి. ఇన్‌స్ట్రుమెంట్ రూములో యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్, హెచ్‌పీఎల్‌సీ లాంటి ఖరీదైన మిషన్లు చూపిస్తారు. మిషన్ గురించి మీకేమీ తెలియక్కర్లేదు. పక్కనే ఒక రిజిస్టర్ ఉంటుంది, ఎవరు, ఏ రోజు, ఎంతసేపు వాడారో రాసేది. దాని చివరి పేజీ చూడమని అడగండి. చివరి పేరు పోయిన వారానిదైతే మిషన్ పిల్లల చేతికి అందుతోందని అర్థం. రెండేళ్ల కిందటిదైతే అది తనిఖీ బృందానికి చూపించడానికే ఉంది. టాబ్లెట్ పంచింగ్ మిషన్ గదిలో కూడా ఇదే. నేల మీద, మిషన్ సందుల్లో కాస్తయినా పొడి ఉండాలి.

ప్రాక్టికల్‌కి ఒక బ్యాచ్‌లో ఎంతమంది అన్నది అడగండి. ఇరవై మంది ఉంటే ప్రతి పిల్లకీ బ్యూరెట్ దొరుకుతుంది. అరవై మందిని ఒకేసారి నిలబెడితే ముందు వరస చేస్తుంది, వెనక వరస రీడింగులు కాపీ కొడుతుంది. లైబ్రరీ సాయంత్రం ఎన్నింటి దాకా తెరుస్తారు, మందుల ప్రమాణాలు ఉండే ఇండియన్ ఫార్మాకోపియా పుస్తకం తాజా ఎడిషన్ ఉందా అడగండి. ఔషధ మొక్కల తోట ఉండాలి, అది ఫార్మసీ కౌన్సిల్ లెక్కల్లో ఉన్నదే. శేషాచలం కొండల కింద ఉండి, చుట్టూ ఇన్ని మందు చెట్లు పెట్టుకుని, నాలుగు కుండీల్లో తులసి పెట్టి తోట అంటే నాకు బాధేస్తుంది. చివరగా స్టాఫ్ రూము ముందు బోర్డు మీద పేర్లు చూసి, వీళ్లలో మీకు పాఠం చెప్పేవాళ్లు ఎవరమ్మా అని ఒక సీనియర్‌ని అడగండి. బోర్డు మీద ఉండి క్లాసులో లేని పేర్లు ఎన్నో తెలిసిపోతుంది. ఆడపిల్లల వెయిటింగ్ రూము, బాత్రూములు, తాగే నీళ్లు పాప స్వయంగా చూడాలి.

చేరే రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇచ్చేయాలి. కాలేజీ వాటిని తన దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఇవ్వాల్సి వస్తే ఏమేం ఇచ్చారో రాసిన రసీదు తీసుకోండి. జిరాక్సులు ఐదారు సెట్లు ఉంచుకోండి. ర్యాగింగ్‌కి మన రాష్ట్రంలో 1997 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. 1800-180-5522 జాతీయ హెల్ప్‌లైన్ నంబరు పాప ఫోనులో వేసి ఉంచండి.

ఇక పాప లెక్కల భయం. ఈ మాట తనకే చదివి వినిపించండి. అమ్మా, బైపీసీ వాళ్లకి మొదటి సెమిస్టర్‌లో రెమెడియల్ మ్యాథమెటిక్స్ అని, ఇంటర్‌లో లెక్కలు చదవని వాళ్ల కోసం ఒక పేపరు ఉంటుంది. వారానికి రెండు గంటలే. పరీక్ష కూడా యూనివర్సిటీది కాదు, కాలేజీలోనే పెడతారు. ఎంపీసీ నుంచి వచ్చిన నీ పక్క పిల్ల అదే సమయంలో రెమెడియల్ బయాలజీకి భయపడుతూ ఉంటుంది. నువ్వు ఆమెకి బయాలజీ చెప్పు, ఆమె నీకు లాగరిథమ్స్ చెబుతుంది. ఫార్మసీలో ఎక్కువగా ఎదురయ్యే లెక్కలు శాతాలు, నిష్పత్తులు, డోసు లెక్కలు. పది మిల్లీలీటర్లలో ఇంత మందు ఉంటే పిల్లవాడి బరువుకి ఎంత ఇవ్వాలి లాంటివి. హైస్కూలు లెక్కల పుస్తకాల్లో నిష్పత్తులు, శాతాలు క్లాసులు మొదలయ్యేలోపు ఒకసారి చేసుకో, సరిపోతుంది.

అన్నా, రెండో విడత నోటిఫికేషన్ వచ్చాక ఆప్షన్లకి కొద్ది రోజులే ఇస్తారు. ఆలోపు ఒక పని రోజు పాపని, వాళ్లమ్మని తీసుకుని పొద్దున పాకాలలో బస్సెక్కండి. చంద్రగిరి వైపు కాలేజీలు, మహిళా యూనివర్సిటీ చూసుకుని, మధ్యాహ్నానికి రేణిగుంట రోడ్డు కాలేజీకి చేరి, ల్యాబులు చూసి, సాయంత్రం ఐదింటికి అక్కడి నుంచే బయల్దేరి ఇంటికి రండి. ఆ రాత్రే ముగ్గురూ కూర్చుని ఆప్షన్ల వరస రాసుకోండి.